టోపీ పెట్టేదాకా

భారతీయ శిక్షాస్మృతిలో ఒక తుపాకి ఉంది. హత్యాయత్నం గురించి చెప్పే 307వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో మూడోది చూడండి. 'ఎ' అనే మనిషికి 'జెడ్'ను చంపాలని ఉంది. తుపాకి కొన్నాడు, నింపాడు. ఇంతవరకు ఈ సెక్షన్ కింద నేరం జరగలేదంటుంది చట్టం. 'జెడ్' మీదికి పేల్చాడు. ఇప్పుడు జరిగింది. 2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి పోయి న్యాయ సంహిత వచ్చింది, 307 కాస్తా 109 అయింది. 'ఎ' మాత్రం ఇంకా అదే తుపాకిని నింపుతూనే ఉన్నాడు.

లా చదువుతున్న ఒక స్నేహితురాలి పుస్తకంలో ఇది నా కంటపడింది. మా ఇద్దరికీ అందులో వేరువేరు మాటలు ముఖ్యమనిపించాయి. తనకు 'పేల్చాడు'. సన్నాహం ఎక్కడ అయిపోతుంది, ప్రయత్నం ఎక్కడ మొదలవుతుంది అన్నది పరీక్షలో వచ్చే ప్రశ్న కదా. నాకు 'నింపాడు'. ఈ చట్టం 1860 నాటిది. సినిమాల్లోలాగ మ్యాగజైన్ టక్కున తోసేసే తుపాకి అప్పటికి సైన్యాల చేతుల్లో లేదు. బ్రిటిష్ సిపాయిల ఎన్‌ఫీల్డ్ కూడా మూతి నుంచి నింపేదే. అంటే 'ఎ' గొట్టాన్ని నిటారుగా నిలబెట్టి, కొలిచిన మందు పోశాడు. దాని మీద పీచో గుడ్డపేలికో పెట్టి గజంతో దట్టించాడు. సీసపు గుండు వేసి మళ్ళీ దట్టించాడు. గజం బయటికి తీశాడు. సుత్తిని సగం వెనక్కి లాగి, దాని కింద ముక్కులా పొడుచుకొచ్చిన చిన్న గొట్టం మీద రాగి టోపీ తొడిగాడు. సుత్తిని పూర్తిగా లాగాడు. తర్ఫీదు ఉన్న సిపాయికి ఇదంతా ఇరవై సెకన్ల పని, మామూలు మనిషికి ఒక నిమిషం. ఆ నిమిషమంతా అతని మనసులో చంపాలనే ఉందని చట్టమే ఒప్పుకుంటోంది. అయినా అతన్ని ఆ సెక్షన్ గడప దాటనివ్వలేదు.

మా నల్లగొండ, పాలమూరు వైపు ఈ తుపాకిని బర్మార్ అంటారు. భర్, మార్. నింపు, కొట్టు. ఆ రెండు పనుల మధ్య ఉన్న వ్యవధికి నైతికంగా ఏమైనా విలువ ఉందా? మా తరానికి నెమ్మది మీద ఒక మోజు ఉంది. నెమ్మదిగా వండిన అన్నం, నెమ్మదిగా తిరిగిన ఊళ్ళు, చేత్తో రాసిన ఉత్తరాలు. ఆ మోజులోనే నెమ్మది తుపాకి కూడా మంచిదే అనేసే ప్రమాదం ఉంది. అందుకని ఈ ప్రశ్నను కొంచెం అనుమానంగానే పట్టుకుంటున్నాను.

నాకు బర్మార్ తెలిసింది దేవరకొండ వైపు ఉన్న మా మేనమామ వల్ల. లైసెన్సు ఉన్న తుపాకి, పంట కావలి కోసం తీసుకున్నది. ఇది చట్టం ఊహించిన వాడకమే. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట రక్షణకు మూతి నుంచి నింపే తుపాకిని పేరు పెట్టి మరీ చెబుతుంది. అది సరిపోదని అధికారికి అనిపిస్తేనే వేరే రకం తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చంటుంది. రైతు చేతికి ఏదైనా ఇవ్వాలంటే ముందు నెమ్మదిగా పేలేదే ఇవ్వాలని పార్లమెంటు అనుకుందన్నమాట.

మామ తుపాకి గురించి మాట్లాడేటప్పుడు సగం మాట టోపీ గురించే. చూడటానికి చొక్కా గుండీ కంటే చిన్నది. లోపల అంటించిన చిటికెడు మందు సుత్తి దెబ్బకు మండి, ఆ నిప్పురవ్వ ముక్కు రంధ్రంలోంచి లోపలి నల్లమందును చేరుతుంది. టోపీల్లో 10 నంబరు, 11 నంబరు ఉంటాయి. పాత సైనిక తుపాకులకు వాడే అంచున్న పెద్ద టోపీ వేరే. మామ లెక్కలో డబ్బా మీది నంబరుకు పెద్ద విలువ లేదు. బలవంతంగా నొక్కకుండానే పూర్తిగా దిగాలి, తుపాకిని బోర్లిస్తే రాలిపోకూడదు, అట్లాంటిదే ఆ తుపాకికి తగిన టోపీ. వదులుగా ఉంటే చీకట్లో నడుస్తుండగా ఎక్కడో పడిపోతుంది. బిగుతుగా ఉంటే మొదటి దెబ్బ దాన్ని కిందికి దించడానికే సరిపోతుంది, రెండో దెబ్బకు గాని పేలదు. అప్పటికి పంది పక్క చేనులో ఉంటుంది. టోపీలను ఆయన పాత అమృతాంజనం డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను బియ్యం కుండలో దాచేవాడు. చెమ్మ తగలకుండా.

ఆయనకు ఒకే ఒక్క నియమం ఉండేది. మంచె మీద కూర్చున్నప్పుడు మందు, గుండు దట్టించి ఉన్నా సరే, జంతువు కంటికి కనబడేదాకా టోపీ తొడిగేవాడు కాదు. "టోపీ పెట్టేదాక అది కట్టెతోని సమానం అల్లుడా. పెట్టినంక నన్ను నేనే నమ్మ" అన్నాడొకసారి. అమెరికాలో చాలా రాష్ట్రాల వేట నిబంధనలు కూడా ఇదే మాట అంటాయని తర్వాత తెలిసింది. లోపల మందూ గుండూ ఉన్నా, టోపీ తీసేస్తే దాన్ని నింపని తుపాకిగానే లెక్కగడతారు. ఉద్దేశం ఎక్కడుంటుంది అని తత్వశాస్త్రం ఎన్నో పేజీలు రాసింది. ఇక్కడ మాత్రం వేలితో చూపించవచ్చు. సుత్తి కింద ఉంటుంది, లేదా డబ్బాలో ఉంటుంది.

కానీ టోపీ పెట్టాక కథ అంత శుభ్రంగా సాగదు. బర్మార్‌లో సుత్తి పడటం ఒకటి, పేలడం ఒకటి. మందు కొంచెం చెమ్మగిల్లినా, రంధ్రంలో మసి అడ్డుపడినా టోపీ టప్‌మని, గొట్టం మౌనంగా ఉండిపోతుంది. ఒకటి, రెండు క్షణాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు. తర్వాత పేలుతుంది, లేదా పేలదు. అందుకే ఈ తుపాకి వాడేవాళ్ళు మొదట నేర్చుకునేది, పేలలేదని దించకూడదని. గురి మార్చకుండా కనీసం ఒక నిమిషం అట్లాగే పట్టుకుని నిలబడాలి. ఆ నిమిషం చాలా విచిత్రమైనది. చేయాల్సిన పని మనిషి చేసేశాడు, పని ఇంకా జరగలేదు. మనసు మార్చుకున్నా ఉపయోగం లేదు. మార్చుకోకపోయినా చేయడానికేమీ లేదు.

ఆ తుపాకి ఎదుట ఉన్నది పంది కాక మనిషి అనుకుందాం. 307 కింద, గాయం కాకపోతే పదేళ్ళ దాకా జైలు. గాయమైతే యావజ్జీవం దాకా వెళ్ళవచ్చు. ఆ మనిషి చనిపోతే అది హత్య, ఉరి దాకా పోతుంది. మూడు సందర్భాల్లోనూ వేలు అదే, మనసు అదే, గురి అదే. తేడా అంతా టోపీ పొడిగా ఉందా లేదా అన్నదే. ఒక రాత్రి వాన, ఒక బియ్యం కుండ మనిషి శిక్షను నిర్ణయిస్తున్నాయి. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తత్వవేత్తలు దీనికి 'నైతిక అదృష్టం' అని పేరు పెట్టి చర్చకు పెట్టారు. మన చేతిలో లేనిదానికి మనల్ని మెచ్చుకోవడం, తిట్టడం న్యాయమేనా అని. వాళ్ళ ప్రశ్న ఇప్పటికీ తెగలేదు. నాకు మాత్రం శిక్షలో ఆ తేడా ఉండాలనే అనిపిస్తుంది. చచ్చినవాడి ఇంటివాళ్ళకు ఉద్దేశం కాదు కదా, మనిషి పోయాడు. అయితే పేలనందుకు బతికిపోయిన ఆ 'ఎ' తనను తాను ఏమనుకోవాలో చట్టం చెప్పదు.

అసలు ఈ టోపీ వెనక ఉన్నది ఒక పాస్టరు, ఆయన కొట్టబోయిన బాతులు. స్కాట్లండ్‌లో బెల్‌హెల్వీ అనే ఊరి చర్చిలో బోధకుడు అలెగ్జాండర్ ఫోర్సిత్. ఆయనకు నీటిపక్షుల వేట ఇష్టం. అప్పటి తుపాకుల్లో చెకుముకి రాయి రవ్వలు పక్కనున్న పళ్ళెంలోని మందు మీద పడి, అది భగ్గుమని, ఆ మంట లోపలికి పోయి తుపాకి పేలేది. ఆ భగ్గుమనడానికీ గుండు రావడానికీ మధ్య ఉన్న లిప్తపాటులో పక్షులు నీళ్ళలో మునిగిపోయేవి. ఫోర్సిత్‌కు ఇది నచ్చలేదు. దెబ్బ తగలగానే మండే మందుతో పేల్చే పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంటు తీసుకున్నాడు. తర్వాత కొన్నేళ్ళకు అదే రాగి టోపీ రూపం తీసుకుంది. టోపీ మొదట చేసింది నేనంటే నేనని చాలామంది తగువుపడ్డారు కూడా.

నాకిది తుపాకుల చరిత్రలో ముఖ్యమైన మలుపు. గుండు పెద్దదైనందుకు కాదు. వ్యవధి రెండు రకాలని ఇక్కడ తెలుస్తుంది. ఒకటి కొట్టేవాడిది, నింపేటప్పుడు దొరికేది. రెండోది దెబ్బ తినేవాడిది, మంట చూసి మునిగే బాతుది. ఫోర్సిత్ రెండోదాన్ని తీసేసి మొదటిదాన్ని ఉంచాడు. ఆ మొదటిది కూడా ఎక్కువకాలం నిలవలేదు. 1860ల చివరికల్లా బ్రిటిష్ సైన్యం వెనక నుంచి తూటా పెట్టే తుపాకికి మారిపోయింది.

పోయే ముందు ఆ మొదటి వ్యవధి ఒక పెద్ద పని చేసింది. 1857 ఏప్రిల్ 24న మీరట్‌లో మూడో లైట్ కావల్రీకి చెందిన 90 మందిని వరసలో నిలబెట్టి తూటాలు తీసుకోమంటే 85 మంది తీసుకోలేదు. వాళ్ళ ముందు పెట్టినవి పాతరకం తూటాలే, కొత్త కొవ్వు పూసినవి కావు. అయినా వద్దన్నారు. మే 9న వాళ్ళకు సంకెళ్ళు వేశారు, 10న మీరట్ తిరగబడింది. ఎవరి మీద కాల్చమంటున్నారనే దాకా పోకుండా, నింపే దగ్గరే ఆగిపోయారు. నింపడం ఇన్ని మెట్ల పని కాబట్టి ఆగడానికి ఒక మెట్టు దొరికింది.

ఇక్కడితో ఆపేస్తే నెమ్మది గెలిచినట్టే. కానీ నల్లగొండ వాణ్ణి కాబట్టి ఆపలేను.

1946 జూలై 4న కడవెండిలో, అప్పటికి మా నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని ఊరు, సంఘం వాళ్ళు ఊరేగింపుగా పోతున్నారు. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య పడిపోయాడు. ఆ తుపాకులు ఏ రకమైతేనేం, ఊరేగింపు వచ్చేసరికి అవి సిద్ధంగా ఉన్నాయి. నింపడానికి పట్టిన నిమిషం అంతకుముందే గడిచిపోయింది, దాన్ని ఎవరూ మనసు మార్చుకోవడానికి వాడుకోలేదు. బర్మార్‌ను కూడా నింపి గోడకు ఆనించవచ్చు, రోజుల తరబడి అట్లాగే ఉంటుంది. వ్యవధి ఉన్నంత మాత్రాన అందులో ఆలోచన ఉంటుందని ఏమీ లేదు. గడీలో ఉన్నవాళ్ళకు తీరిక చాలా ఉండేది.

రెండో మాట ఇంకా కష్టమైనది. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చిన తర్వాత ఊళ్ళలో జనం చేతికి దొరికింది వడిసెలలు, గొడ్డళ్ళు, బర్మార్లు. బైరాన్‌పల్లి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. ఆ ఊరివాళ్ళు ఊరి నడుమ పాత బురుజును కావలిగా చేసుకుని రజాకార్ల దాడుల్ని తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు ఈసారి ప్రభుత్వ బలగాలను, ఫిరంగిని వెంటబెట్టుకుని తెల్లవారకముందే వచ్చారు. ఆ రోజు ఎనభై మందికి పైగా ఊరివాళ్ళు చనిపోయారు. చాలామందిని పట్టుకుని వరసలో నిలబెట్టి కాల్చారు. బురుజు ఇప్పటికీ ఉంది.

బురుజు మీద బర్మార్ పట్టుకున్న మనిషిని ఊహించండి. ఒకసారి పేల్చాడు. కళ్ళముందు తెల్లటి పొగ. నల్లమందు కాలితే సగానికి పైగా గట్టి మసిగానే మిగులుతుంది. కొంత గొట్టంలో, కొంత గాలిలో. తగిలిందో లేదో తనకే కనబడదు. తానెక్కడున్నాడో మాత్రం అందరికీ కనబడుతుంది. ఇక గొట్టం నిలబెట్టాలి, మందు పోయాలి, దట్టించాలి, వణికే వేళ్ళతో టోపీ తొడగాలి. అప్పటి సైన్యాలు వాడిన 303 రైఫిల్ మ్యాగజైన్‌లో పది తూటాలు పడతాయి. ఈయన నిమిషం ఆలోచించుకోవడానికి దొరికిన నిమిషం కాదు, కిందివాళ్ళు నాలుగడుగులు ముందుకు రావడానికి దొరికిన నిమిషం. ఆయుధం నెమ్మదిగా ఉండటం మంచిదని చెప్పే హక్కు ఎవరికి ఉంది? ఎదుటివాడిది కూడా నెమ్మదైనదే అయితే, లేదా ఎదురుగా ఉన్నది పంది అయితే. మిగతా అప్పుడు ఆ సుగుణం పేదవాడి మెడకే చుట్టుకుంటుంది.

అందుకని వ్యవధి మనిషిని మంచివాణ్ణి చేస్తుందని నేను అనలేను. అది చేసేది ఇంకోటి. 'అనుకోకుండా అయిపోయింది' అనే మాటను నోట్లోంచి లాగేసుకుంటుంది. ఇన్ని మెట్లెక్కి వచ్చినవాడు, చివర టోపీ కూడా ఏరి పెట్టినవాడు, నాకు తెలియకుండా జరిగిందని చెప్పలేడు. కడవెండిలో పేల్చినవాళ్ళు కూడా చెప్పలేరు.

ఇదంతా పాత సంగతి, ఇప్పుడు బర్మార్లు ఎవరి దగ్గర ఉన్నాయి అంటారా? చాలా తక్కువ. లైసెన్సు దొరకడం కష్టం, ఎన్నికలొచ్చిన ప్రతిసారీ స్టేషన్లో అప్పజెప్పాలి, మందూ టోపీలూ లైసెన్సు ఉన్న కొట్టులోనే కొనాలి. పైగా 1972 వన్యప్రాణి చట్టం వల్ల తుపాకి లైసెన్సు ఒకటే చాలదు, పంటలో పడ్డ పందిని కాల్చడానికి అటవీశాఖ అనుమతి వేరే కావాలి. కానీ అడవిపందులు తగ్గలేదు. అచ్చంపేట, అమ్రాబాద్ అంచుల్లోనే కాదు, అడవి వాసన కూడా లేని ఊళ్ళలోనూ మక్క, పల్లికాయ చేలను రాత్రికి రాత్రి దున్నేసి పోతున్నాయి. అరెకరం పల్లి పోయిన రైతుకు జీవకారుణ్యం చెప్పే ధైర్యం నాకు లేదు.

అందుకే తీగ వచ్చింది. బోరు మోటారు కరెంటును చేను చుట్టూ సన్నటి జీఐ తీగకు కలిపి, ఇంటికి పోయి పడుకుంటారు. దీనికి దరఖాస్తు అక్కర్లేదు, టోపీ నంబరు చూసుకోనక్కర్లేదు. పంట చేతికొచ్చే రోజుల్లో పేపర్ల జిల్లా పేజీల్లో దీని ఫలితం కనిపిస్తుంది. పొద్దున్నే నీళ్ళు పెట్టడానికి పోయిన పక్క చేను రైతు, మేకల వెంట పోయిన పిల్లవాడు, ఒక్కోసారి తీగ కట్టినవాడే, స్విచ్ ఆపడం మర్చిపోయి.

చట్టంలోని 'ఎ' చేతిలో తుపాకి బదులు ఈ తీగ పెట్టి చూడండి. తీగ కొన్నాడు, కట్టాడు. తర్వాత? పేల్చాడు అనే వాక్యం ఎక్కడ రాయాలి? కట్టడమే నింపడం, అదే పేల్చడం. ఆ తర్వాత అతను నిద్రలో ఉన్నాడు. అతనికి ఎవరినీ చంపాలని లేదు, నిజంగానే లేదు. తీగకు పంది, మనిషి తేడా చూసే కళ్ళు లేవు, ఆ కళ్ళున్నవాడు అక్కడ లేడు. మామ డబ్బాలో దాచిన టోపీ ఇక్కడ రాత్రంతా సుత్తి కిందే ఉంది, ఎవరు తగిలితే వాళ్ళే సుత్తి. బర్మార్ లాగేసుకున్న 'అనుకోకుండా' అనే మాటను తీగ మళ్ళీ మనిషి చేతికిచ్చింది. మన కాలపు చావుల్లో చాలావాటికి ఇదే పోలిక అనిపిస్తుంది నాకు. గతుకు పూడ్చని రోడ్డు, మూత వేయని మ్యాన్‌హోల్. చంపినవాడు లేడు, చచ్చినవాడు ఉన్నాడు.

బర్మార్లు మళ్ళీ రావాలని అనను. మామ కూడా అనడు. ఒక ఎన్నికలప్పుడు స్టేషన్లో పెట్టిన తుపాకిని ఆయన మళ్ళీ తెచ్చుకోలేదు. మోకాళ్ళ నొప్పులు, మంచె ఎక్కలేడు. తుపాకి ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి పేల్చినా, అది ఉత్తి మందుతో చేసిన బెదిరింపు చప్పుడైనా, అదే రాత్రి వేణ్ణీళ్ళతో గొట్టం కడిగేవాడు. ఆ మసి చెమ్మను లాక్కుంటుంది, కడగకుండా వదిలేస్తే తుప్పు. పేల్చినంక పండుకోనియ్యదు ఇది అని తిట్టుకునేవాడు.

పోయినేడు చేను చుట్టూ సోలార్ కంచె వేయించాడు. అదీ కరెంటు తీగే, కాకపోతే కరెంటు ఎడతెగకుండా పారదు. సెకనుకొకసారి చిన్న దెబ్బ కొట్టి ఆగుతుంది. ఆగిన ఆ కాస్తలో తగిలినవాళ్ళు చెయ్యో మూతో వెనక్కి తీసుకోవచ్చు. ఫోర్సిత్ బాతుల దగ్గర లాక్కున్నది ఇక్కడ పందికి తిరిగి దొరికింది. పెట్టె దగ్గర కూర్చుంటే టిక్కు టిక్కుమని వినబడుతుంటుంది. పందులు అప్పుడప్పుడు కింది తీగ కిందినుంచి దూరుతూనే ఉన్నాయట. గడ్డి పెరిగి తీగకు ఆనితే దెబ్బ పల్చబడుతుందని, వారానికొకసారి మామ కొడవలి పట్టుకుని గట్టెంట తిరుగుతున్నాడు.